టెస్టులో యాంటీబాడీలు కనబడుతున్నా హెచ్‌ఐవి ఒంట్లోంచి ఎందుకు పోదు?

#1 నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ఇంటర్‌లో బయాలజీ చదివే కుర్రాడు ఎవడైనా అడిగే ప్రశ్నే, కానీ పుస్తకంలో సరైన జవాబు దొరకదు. తట్టు వచ్చినా, హెపటైటిస్-ఎ వచ్చినా యాంటీబాడీలు పుడతాయి, రోగం పోతుంది, మళ్లీ రాదు. ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవి పరీక్షా కేంద్రంలో, వేలు గుచ్చి చేసే హెచ్‌ఐవి రాపిడ్ టెస్టు వెతికేది కూడా యాంటీబాడీనే. అంటే ఒళ్లు పోరాడుతోందనే కదా? పోరాడాక వైరస్ ఎందుకు మిగులుతుంది? "వైరస్ రూపం మార్చుకుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫ్లూ వైరస్ కూడా మార్చుకుంటుంది, అయినా వారం పది రోజుల్లో ఒంట్లోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అసలు మెలిక ఎక్కడుందో అంకెలతో సహా చెప్పగలవాళ్లు చెప్పండి.

#2 బొబ్బిలి_కోట (బొబ్బిలి)

ఏటుంది మేస్టారూ. ఆ వైరస్ పట్టేది ఒంటి కాపలాని నడిపించే సీడీ4 తెల్లకణాన్నే. కంచే చేను మేసినట్టు. కాపలావోడే పోతే ఇంకెవుడు కాస్తాడు?

#3 చంపావతి (విజయనగరం)

కోట గారూ, అందరూ చెప్పేది అదే, కానీ కారణం ముందో ఫలితం ముందో తారుమారవుతోంది. మందు లేకపోతే సీడీ4 లెక్క 200 దిగువకు పడడానికి సగటున 8 నుంచి 10 ఏళ్లు పడుతుంది. పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాలు మాత్రం మొదటి వారాల్లోనే చాలామటుకు పోతాయి, అది నిజమే. అయినా మిగతా సైన్యం ఆ తొలి నెలల్లో గట్టిగానే ఉంటుంది. ఉన్నా వైరస్ పోదు. మేస్టారు అడిగేది ఆ సంగతే.

సైన్యం పని చేస్తోందనడానికి రుజువు ఉంది. వైరస్ సోకాక సుమారు మూడో వారానికి రక్తంలో లెక్క శిఖరానికి చేరుతుంది, మిల్లీలీటరుకు 10 లక్షలు దాటడం మామూలే. ఆ తర్వాత మందేమీ లేకుండానే 100 రెట్ల దాకా పడిపోతుంది. సరిగ్గా అదే సమయానికి సీడీ8 కణాలు, అంటే వైరస్ పట్టిన కణాలను వెతికి చంపేవి, రంగంలోకి దిగుతాయి. 1999లో కోతుల మీద ఒక ప్రయోగం చేశారు. ఎస్‌ఐవి, అంటే హెచ్‌ఐవి లాంటి కోతుల వైరస్, సోకిన కోతుల ఒంట్లోంచి సీడీ8 కణాలను తాత్కాలికంగా తొలగిస్తే వైరస్ ఎగబాకింది. ఆ కణాలు తిరిగి రాగానే మళ్లీ దిగింది. అంటే కాపలావాడు నిద్రపోలేదు. కొడుతున్నాడు, కానీ అవతలిది ఖాళీ అవట్లేదు.

#4 ల్యాబ్_బల్ల (విజయనగరం)

యాంటీబాడీ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మాటే మోసం చేస్తుంది. "యాంటీబాడీ ఉంది" అంటే వైరస్‌కి ఎక్కడో ఒకచోట అతుక్కునేది ఉంది అని. "వైరస్‌ని ఆపే యాంటీబాడీ ఉంది" అన్నది వేరే సంగతి. రాపిడ్ టెస్టు కిట్టులో గీత పడేది మొదటి రకానికి. సోకిన 3, 4 వారాలకు పుట్టే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం వైరస్ లోపలి ముక్కలకు, విరిగిపోయిన ముళ్లకు అతుక్కుంటాయి. కణంలోకి దూరే పనిముట్టు చెక్కుచెదరకుండా ఉన్న ముల్లు. దాన్ని అవి పట్టుకోలేవు.

ఆ ముల్లు కట్టడం చూడాలి. జీపీ120, జీపీ41 అనే రెండు ముక్కలు మూడేసి జతలుగా చేరి ఒక ముల్లు అవుతుంది. జీపీ120 బరువులో సుమారు సగం చక్కెర గొలుసులే. ఆ చక్కెర మన కణమే తగిలిస్తుంది కాబట్టి ఇమ్యూనిటీకి అది సొంత సరుకులాగే కనబడుతుంది. కణం మీది సీడీ4 అనే కొక్కేనికి అతుక్కునే చోటు గుంటలో ఉంటుంది. కణం మీది రెండో కొక్కెం సీసీఆర్5కి తగిలే చోటు సీడీ4కి అతుక్కున్నాకే, అదీ కాసేపే బయటపడుతుంది. ఇంకోటి ముళ్ల లెక్క. ఫ్లూ వైరస్ మీద వందల్లో ఉంటాయి, హెచ్‌ఐవి మీద సగటున 14 లేదా అంతకన్నా తక్కువ. యాంటీబాడీకి రెండు చేతులు. ముళ్లు దగ్గరగా ఉంటే రెండు చేతులతో రెండిటినీ పట్టుకుంటుంది, పట్టు జారదు. ఇక్కడ ఒక ముల్లు నుంచి ఇంకో ముల్లు అందదు, ఒంటి చేత్తో వేలాడాలి.

ఇక వేగం. వైరస్ జన్యువు సుమారు 9,700 అక్షరాలు. దాన్ని డీఎన్‌ఏగా రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైముకి రాసింది సరిచూసుకునే అలవాటు లేదు, సుమారు 30,000 అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. అంటే మూడు నాలుగు కాపీలకు ఒకటి తప్పుతో పుడుతుంది. మందు లేని మనిషి ఒంట్లో రోజుకు పుట్టే వైరస్‌లు సుమారు వెయ్యి కోట్లు. ఆ లెక్కన ఒక్క అక్షరం మార్పు ఏదైనా సరే, ప్రతి రోజూ ఎక్కడో పుడుతూనే ఉంటుంది. ఒక్కో వైరస్‌లో రెండు జన్యు దారాలుంటాయి, ఎంజైము రాస్తూ రాస్తూ దీన్నుంచి దానికి దూకుతుంది, అక్కడ ఇంకో కలగలుపు.

2003లో వచ్చిన పరిశోధనల్లో తేలింది ఇది: ఇవాళ తీసిన సీరం కొన్ని నెలల కిందటి వైరస్‌ని బాగా ఆపుతుంది, ఇవాళ్టి వైరస్‌ని ఆపదు. పోయిన సంతలో దొంగ ఫొటో పట్టుకుని ఈ సంతలో వెతికినట్టు. కొంతమందిలో రెండు మూడేళ్లకు చాలా రకాల హెచ్‌ఐవిని ఆపగల యాంటీబాడీలు పుడతాయి, 2010లో ప్రకటించిన వీఆర్‌సీ01 అలాంటిదే. విచిత్రమేటంటే అవి పుట్టిన మనిషి ఒంట్లోని వైరస్ అప్పటికే వాటిని దాటేసి ఉంటుంది.

#5 బొబ్బిలి_కోట

ఒప్పుకున్నాం బావూ. మరి సీడీ8? అది ముల్లు చూడదు కదా, కణం లోపల ఏటుందో చూస్తాది. అక్కడ చక్కెర అడ్డం రాదు.

#6 చంపావతి

మంచి ప్రశ్న. ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టి బయట చూపిస్తుంది. సీడీ8 ఆ పళ్లెం చూసి పరాయి ముక్క ఉంటే చంపుతుంది. వైరస్ అక్కడ రెండు పనులు చేస్తుంది.

మొదటిది ముక్కనే మార్చడం. హెచ్‌ఎల్‌ఏ-బి27 ఉన్నవాళ్లలో సీడీ8 కణాలు వైరస్ గ్యాగ్ ప్రోటీన్‌లోని ఒక ముక్కను గట్టిగా పట్టుకుంటాయి. అందులో 264వ స్థానంలో ఆర్జినీన్ పోయి లైసీన్ వస్తే పళ్లెంలో ఆ ముక్క కూర్చోదు. కానీ ఆ మార్పుతో వైరస్ తొడుగు సరిగా కుదరక కుంటుతుంది. దాన్ని సర్దే ఇంకో మార్పు వేరే చోట రావాలి. అందుకే బి27, బి57 ఉన్నవాళ్లలో రోగం నెమ్మదిగా ముదురుతుంది. మందు లేకుండా వైరస్‌ని ఏళ్ల తరబడి అణచిపెట్టగలవాళ్లు, ఎలీట్ కంట్రోలర్లు, నూటికి ఒకరి కన్నా తక్కువ. వాళ్లలో ఈ రకాలు ఎక్కువగా కనబడతాయి. రోగం ముదిరే తీరు మనిషి మనిషికీ మారడంలో "మనోబలం" పాత్ర ఎంతో గానీ, హెచ్‌ఎల్‌ఏ పాత్ర మాత్రం లెక్కకు అందింది.

రెండోది పళ్లెమే మాయం చేయడం. నెఫ్ అనే వైరస్ ప్రోటీన్ కణం మీది హెచ్‌ఎల్‌ఏ-ఎ, బి పళ్లేలను లోపలికి లాగేస్తుంది. అన్నీ లాగేస్తే పళ్లెం లేని కణాన్ని చంపే ఎన్‌కే కణాలు పసిగడతాయి. అందుకని హెచ్‌ఎల్‌ఏ-సిని చాలామటుకు వదిలేస్తుంది. ఇలాంటివే ఇంకా ఉన్నాయి: ఏపీఓబీఈసీ3జీ అనే మన రక్షక ఎంజైముని విఫ్ అనే వైరస్ ప్రోటీన్ కూల్చేస్తుంది, పుట్టిన వైరస్‌ని కణానికి కట్టిపడేసే టెథరిన్‌ని వీపీయూ అనే ఇంకో వైరస్ ప్రోటీన్ తొలగిస్తుంది. తొమ్మిదే జన్యువులున్న వైరస్, అందులో సగం ఇలాంటి పనులకే.

ఏళ్ల తరబడి అదే శత్రువుని చూసి చూసి సీడీ8 కూడా అలిసిపోతుంది. దాని మీద పీడీ-1 అనే బ్రేకు పెరుగుతుందని 2006లో గుర్తించారు. ఇంకోటి, లింఫు గ్రంథుల లోపల బి కణాల గూళ్లు ఉంటాయి. సీడీ8 కణాల్లో ఎక్కువ భాగానికి అక్కడికి దారి చూపే సీఎక్స్‌సీఆర్5 ఉండదు. సీడీ4లో ఒక రకం మాత్రం అక్కడే కాపురం ఉంటుంది, వైరస్ కూడా దానితోపాటే.

#7 నాగావళి_గట్టు

తప్పించుకోవడం అర్థమైంది. కానీ ఇదంతా వైరస్ పుడుతూ ఉన్నప్పటి కథ. మందు వేశాక కొత్త కాపీలు పుట్టడం ఆగిపోతుంది కదా, మారడానికి అవకాశమే లేదు. రక్తంలో కనబడదు కూడా. ఇరవై ఏళ్లు వేసి ఆపినా మళ్లీ ఎందుకు వస్తుంది?

#8 చంపావతి

ఇక్కడే ఫ్లూకీ దీనికీ అసలు తేడా ఉంది మేస్టారూ. ఫ్లూ వైరస్ తన జన్యువుని మన డీఎన్‌ఏలో అతికించదు. అది పట్టిన శ్వాసనాళపు కణం కొద్ది రోజుల్లో చస్తుంది, దానితో ఆ ఖాతా మూసేసినట్టే. ఫ్లూ మార్పులు పై ఏడాది ఊరికి పనికొస్తాయి, అదే వారంలో అదే మనిషికి కాదు.

హెచ్‌ఐవి జన్యువుని ఇంటిగ్రేజ్ అనే ఎంజైము కణం క్రోమోజోములోకి కుడుతుంది. ఆ కుట్టు ఇక ఊడదు. వైరస్‌కి కావలసింది చురుగ్గా ఉన్న సీడీ4 కణం. అది పట్టుకున్న కణాల్లో దాదాపు అన్నీ ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. కానీ కొన్ని మాత్రం అప్పుడే పోరాటం ముగించి జ్ఞాపక కణాలుగా మారి విశ్రాంతిలోకి వెళ్తున్న దశలో ఉంటాయి. ధనుర్వాతం టీకా జ్ఞాపకం ఏళ్ల తరబడి నిలిచేది ఇలాంటి కణాల వల్లే. అలాంటి కణంలో వైరస్ జన్యువుని చదివించే మన ప్రోటీన్లు అందవు: ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి రాదు, పీ-టీఈఎఫ్‌బి తగినంత ఉండదు, వైరస్ మీట దగ్గర డీఎన్‌ఏ చుట్ట బిగిసి ఉంటుంది. వైరస్‌కి సొంతంగా తిప్పుకునే టాట్ ప్రోటీన్ కూడా తయారవదు. ఫలితం, ఒక్క ప్రోటీనూ పుట్టదు. ప్రోటీన్ లేకపోతే పళ్లెంలో ముక్క లేదు, కణం మీద ముల్లు లేదు. సీడీ8కి గానీ యాంటీబాడీకి గానీ అది మామూలు కణమే. ఇక్కడ వైరస్ ఎవరినీ మోసం చేయట్లేదు, చూడడానికి ఏమీ లేదంతే.

మందు సంగతి. ఇప్పుడు వాడే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. మొదటి రెండూ డీఎన్‌ఏ రాయడాన్ని ఆపుతాయి, మూడోది కుట్టడాన్ని. మూడూ కొత్త కణంలో వైరస్ పాతుకోకుండా ఆపేవే. ఇప్పటికే కుట్టేసిన దాన్ని ఏదీ ముట్టుకోదు. ఎప్పుడో ఆ కణం మేలుకుంటే వైరస్ పుడుతుంది, మందు ఉంటే పక్క కణానికి అంటదు. మందు ఆపితే సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో రక్తంలోకి వచ్చేస్తుంది.

#9 బొబ్బిలి_కోట

అయితే ఇది చేలో తుంగ లాగన్నమాట. పైన గడ్డి మందు కొడితే ఆకు మాడిపోద్ది. అడుగున గడ్డ అలగే ఉంటాది. తడి తగిల్తే మళ్లీ మొలక.

#10 చంపావతి

ఈ పోలిక మీరు అనుకున్నదానికన్నా బాగా సరిపోతుంది కోట గారూ. తుంగ గడ్డ ఊరికే కూర్చోదు, నేల లోపలే పిలకలు వేస్తుంది. ఈ కణాలూ అంతే. జ్ఞాపక కణం తన సంఖ్య నిలుపుకోడానికి అప్పుడప్పుడు విభజన చెందుతుంది. అలా జరిగినప్పుడు లోపల కుట్టిన వైరస్ డీఎన్‌ఏ కూడా కాపీ అవుతుంది. కాపీ చేసేది మన కణం ఎంజైమే, తప్పులు దాదాపు ఉండవు. మందుకి అందులో అడ్డుకునే పనే లేదు, ఎందుకంటే వైరస్ ఎంజైములేవీ అక్కడ పనిచేయట్లేదు. బీఏసీహెచ్2 లాంటి జన్యువుల్లో కుట్టుకున్న కణాలు గుంపులుగా పెరగడాన్ని 2014లో గుర్తించారు.

లెక్కలు చూడండి. 1996 ప్రాంతంలో డేవిడ్ హో, అలన్ పెరెల్సన్ అనే శాస్త్రవేత్తలు వేసిన లెక్కల్లో వైరస్ పుట్టించే కణం ఆయుష్షు రోజుల్లోనే ఉంది, ఆ ఊపులో రెండు మూడేళ్ల మందుతో పూర్తిగా పోవచ్చని 1997లో అంచనా వేశారు. అదే ఏడాది చివర్లో మూడు బృందాలు విశ్రాంతి కణాల్లోంచి బతికున్న వైరస్‌ని బయటికి తీసి చూపించాయి. రాబర్ట్ సిలిసియానో బృందం కొలిచిన ప్రకారం ఆ నిల్వ సగం కావడానికి 44 నెలలు పడుతుంది. 10 లక్షల కణాల నిల్వ అనుకుంటే ఒకటికి దిగడానికి 20 సార్లు సగం కావాలి. 20ని 44తో గుణిస్తే 880 నెలలు, అంటే 73 ఏళ్లు. అది కూడా ఆ పిలకలు లెక్కలోకి రాకుండా. ఇరవై ఏళ్లు పైబడి మందు వాడినవాళ్లలో తగ్గుదల ఆగి నెమ్మదిగా పెరగడం కూడా చూశారు.

#11 నాగావళి_గట్టు

ఆటలమ్మ కూడా ఇలాంటిదే కదా? తగ్గిందనుకుంటాం, ముసలితనంలో సర్పి అయి బయటపడుతుంది.

#12 ల్యాబ్_బల్ల

దగ్గరగా ఉంది, కానీ ఆ వైరస్ నాడీకణంలో క్రోమోజోముకి పక్కన విడిగా ఉంటుంది, కుట్టుకోదు. నాడీకణం విభజన చెందదు కాబట్టి ఈ పిలకల గొడవ లేదు.

నిల్వను ఎలా కొలుస్తారో చెప్తాను, అందులోనే సగం అపార్థాలు ఉన్నాయి. మందు మీద ఉన్నవాళ్ల విశ్రాంతి సీడీ4 కణాల్లో బతికున్న వైరస్ బయటికి తీయగలిగేది సుమారు 10 లక్షలకు ఒకటి. దీనికి క్యూవీఓఏ అనే పరీక్ష. 150–200 మిల్లీలీటర్ల రక్తం కావాలి. విశ్రాంతి కణాలు వేరు చేసి, 10 లక్షల నుంచి ఐదేసి రెట్లు తగ్గిస్తూ గిన్నెల్లో పంచుతారు. పీహెచ్‌ఏ మందుతో, రేడియేషన్ ఇచ్చిన వేరే మనిషి కణాలతో రెచ్చగొట్టి, ఆరోగ్యవంతుల సీడీ4 కణాలు కలుపుతారు. మేలుకున్న వైరస్ వాటికి పాకి పెరుగుతుంది. 14, 21 రోజులకు పీ24 అనే వైరస్ ప్రోటీన్ చూస్తారు.

ఇదే కణాల్లో పీసీఆర్‌తో వైరస్ డీఎన్‌ఏ వెతికితే వందల రెట్లు ఎక్కువ కనబడుతుంది. తేడా ఎందుకంటే కుట్టుకున్న వాటిలో 90 శాతం పైగా పాడైన సరుకు, పెద్ద ముక్కలు ఎగిరిపోయినవో, ఏపీఓబీఈసీ3జీ అక్షరాలు చెరిపేసినవో. అలాగని క్యూవీఓఏ లెక్క నిజమా అంటే అదీ కాదు. 2013లో చూస్తే, ఒకసారి రెచ్చగొట్టినప్పుడు లేవని వాటిలో కూడా చెక్కుచెదరని వైరస్‌లు ఉన్నాయి, నిజమైన నిల్వ 60 రెట్ల దాకా ఎక్కువ ఉండొచ్చు. లేచేది లేవనిది కొంత అదృష్టం మీద ఉంటుంది. ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ఇంకోటి తక్కువ చూపిస్తుంది, నిజం మధ్యలో.

#13 పైడిమాంబ_జాతర (విజయనగరం)

మా వాట్సాప్ గ్రూపులో ఒక పసరు మందు గురించి తిరుగుతోంది. ఏఆర్టీ (హెచ్‌ఐవి మందు) మాత్రలతో పాటు అది కూడా తాగితే ఆరు నెలలకి రిపోర్టులో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్", అంటే వైరస్ కనబడలేదని, వచ్చిందట. ఇక మాత్రలు ఆపేయొచ్చు అంటున్నారు.

#14 ఉద్దానం_గాలి (పలాస)

ఆ రిపోర్టు మాత్రలది, పసరుది కాదు. డొల్యూటెగ్రావిర్ మొదలుపెట్టి సరిగ్గా వేసుకున్నవాళ్లలో చాలామందికి మూడు నెలల్లోపే వైరస్ లెక్క అందకుండా పోతుంది. ఆ పరీక్ష చూసేది ప్లాస్మా, అంటే రక్తపు నీరు. నిల్వ ఉండేది కణాల్లో, లింఫు గ్రంథుల్లో, పేగు గోడల్లో. బావిలో పైన నీళ్లు తేటగా ఉన్నాయని అడుగున బురద లేదని చెప్తామా.

ఆపితే ఏటవుద్దో కూడా చూసేశారు. 2006లో ప్రచురించిన స్మార్ట్ ట్రయల్‌లో 5,472 మంది. సీడీ4 350 దాటితే మందు ఆపి, 250 లోపు వస్తే మళ్లీ మొదలుపెట్టిన గుంపులో మరణాలు, ఎయిడ్స్ జబ్బులు కలిపి రెండున్నర రెట్ల పైనే. గుండె, మూత్రపిండాల జబ్బులు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. ట్రయల్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఇంకో సంగతి, లోపల హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లకి టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ని కూడా అణచిపెడుతున్నాయి. హఠాత్తుగా ఆపితే కాలేయం ఒక్కసారిగా మండిపోతుంది. పసరు అమ్మేవాడికి ఈ సంగతి తెలీదు, తెలిసినా చెప్పడు.

#15 మోడరేటర్

పసరు మందు అమ్మే వ్యక్తి ఫోను నంబరు ఉన్న రెండు పోస్టులు తీసేశాం. ఇక్కడ అలాంటివి పెట్టొద్దు. సందేహం ఉన్నవాళ్లు జాతీయ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఎవరి హెచ్‌ఐవి వివరాలైనా వారి ఒప్పుకోలు లేకుండా బయటపెట్టడం 2017 చట్టానికి విరుద్ధం, ఇక్కడ పేర్లు రాయకండి.

#16 ల్యాబ్_బల్ల

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క చూపే రిపోర్టు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే నమూనా దగ్గరే తప్పులు జరుగుతాయి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఆకుపచ్చ మూతలో ఉండే హెపారిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది, ఉన్నది లేనట్టుగా తప్పు రిపోర్టు రావచ్చు. మామూలు గది వేడిలో 24 గంటల్లోపు ప్లాస్మా వేరు చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో బస్సులో పంపే నమూనాకి "గది వేడి" అంటే ఎంతో ఊహించుకోండి. జెల్ ఉన్న ట్యూబులో తీసి అదే ట్యూబుని గడ్డకట్టించి పంపితే, కణాలు ప్లాస్మాలో కలిసి లెక్క అబద్ధంగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. చంపావతి గారు చెప్పిన ఆ కుట్టిన డీఎన్‌ఏనే కొన్ని మెషీన్లు చదివేస్తాయి.

ఒకసారి 80, 120 లాంటి చిన్న అంకె వచ్చి మళ్లీ అందకుండా పోతే బ్లిప్ అంటారు. అది పరీక్ష కొలతలో తేడా కావచ్చు, ఎక్కడో మేలుకున్న కణాలు విడుదల చేసిన వైరస్ కావచ్చు, మందు విఫలమైనట్టు కాదు. 1000 దాటితే వేరే సంగతి: మాత్రలు ఎక్కడ తప్పుతున్నాయో కూర్చోబెట్టి అడిగి, మూడు నెలలు సరిగ్గా వేసుకున్నాక మళ్లీ పరీక్ష. రెండోసారీ అలాగే వస్తేనే మందు మార్చే ఆలోచన. లెక్క 200 దిగువన నిలకడగా ఉంటే సంభోగం ద్వారా అవతలివారికి సోకదు, అది పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలింది.

చంటిపిల్లల సంగతి మేస్టారి మొదటి ప్రశ్నకి ముడిపడి ఉంది. తల్లి యాంటీబాడీ మాయ దాటి బిడ్డకి వస్తుంది, 18 నెలల దాకా ఉండొచ్చు. కాబట్టి ఆలోపు రాపిడ్ టెస్టులో గీత పడితే బిడ్డకి సోకినట్టు కాదు. అందుకే 6 వారాలకు మడమ గుచ్చి కాగితం మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పీసీఆర్‌కి పంపుతారు.

#17 నాగావళి_గట్టు

ఆ నిల్వ ఏర్పడకముందే మందు వేస్తే? సోకిన మరుసటి రోజే?

#18 చంపావతి

దాదాపు అంత ముందే ఏర్పడుతుంది. కోతులకు ఎస్‌ఐవి ఇచ్చిన మూడో రోజున, రక్తంలో ఇంకా వైరస్ కనబడకముందే మందు మొదలుపెట్టి, 24 వారాలకు ఆపితే అన్నిటిలోనూ తిరగబెట్టింది. ఇది 2014 సంగతి. అదే ఏడాది అమెరికాలో మిసిసిపీ బిడ్డ వార్త. పుట్టిన 30 గంటలకే మందు మొదలైంది, 18 నెలల వయసులో ఆగిపోయింది, 27 నెలలు వైరస్ కనబడలేదు. యాంటీబాడీలు కూడా లేవు. తర్వాత ఒక రోజు తిరిగి వచ్చింది. ఒక్క కణం ఎక్కడో మేలుకోవడానికి అంత కాలం పట్టింది.

దీనికి అవతలి ఒడ్డున ఉన్నది పీఈపీ, అంటే వైరస్ తగిలే ప్రమాదం జరిగాక సోకకుండా వేసే మందు. సూది గుచ్చుకున్నా, ఇంకేదైనా ప్రమాదం జరిగినా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి, మొదటి రెండు గంటల్లో అయితే మరీ మంచిది. 1998 కోతుల ప్రయోగంలో 24 గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చినవన్నీ తప్పించుకున్నాయి. ఆలస్యమైనా, 3 రోజులకో 10 రోజులకో ఆపేసినా కొన్నిటికి సోకింది. "రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు చూద్దాం" అనుకునేవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

#19 బొబ్బిలి_కోట

మరి ఆ బెర్లిన్ మనిషికి హెచ్‌ఐవి పూర్తిగా పోయింది కదా. అలగే అందరికీ చేసేస్తే?

#20 చంపావతి

టిమోతీ రే బ్రౌన్. ఆయనకి చేసింది హెచ్‌ఐవి కోసం కాదు, రక్త క్యాన్సర్‌కి. 2007లో మూలుగ మార్పిడి, క్యాన్సర్ తిరగబెడితే 2008లో ఇంకోసారి. దాత రెండు వైపుల నుంచీ సీసీఆర్5 లోపం వారసత్వంగా తెచ్చుకున్న మనిషి, అతని కణాల్లోకి ఆ వైరస్ దూరలేదు. ఆ లోపం ఉత్తర ఐరోపా వాళ్లలో కొంతమందికి ఉంటుంది, మన వైపు అరుదు. పైగా ఆ చికిత్సలోనే మనిషి పోయే ప్రమాదం ఉంది. బోస్టన్‌లో ఇద్దరికి మామూలు దాతల మూలుగే ఎక్కించారు. నిల్వ కనబడనంతగా తగ్గింది, మందు ఆపారు, ఒకరికి 12 వారాలకు, ఇంకొకరికి 32 వారాలకు తిరిగి వచ్చింది. కనబడకపోవడానికీ లేకపోవడానికీ మధ్య దూరం అది.

నిద్రలో ఉన్నదాన్ని తట్టి లేపి చంపుదామని ఇంకో దారి. 2012లో వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందు ఒక మోతాదు ఇస్తే విశ్రాంతి కణాల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ పెరిగింది. నిల్వ మాత్రం తగ్గలేదు. లేపితే చాలదు, చంపేవాడు కావాలి. ఆలస్యంగా మందు మొదలుపెట్టినవాళ్ల నిల్వలో ఉన్నవి దాదాపు అన్నీ సీడీ8ని అప్పటికే తప్పించుకున్న రకాలే అని 2015లో తేలింది. అంటే #6లో చెప్పిన మార్పులన్నీ ఈ అటకమీద దాచి ఉన్నాయి. మేస్టారు రెండుగా విడగొట్టిన ప్రశ్న ఇక్కడ మళ్లీ ఒకటైపోతుంది.

#21 ఉద్దానం_గాలి

పెద్ద చర్చ మధ్యలో మా వైపు సంగతి ఒకటి. జీవితాంతం వేసుకోవాలంటే మూత్రపిండాలు కాసుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బు ఉంది. టెనోఫోవిర్ కిడ్నీ గొట్టాలని దెబ్బ తీయగలదు. కాబట్టి క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి "కాస్త ఎక్కువ, పరవాలేదు" అనుకోకూడదు, క్లియరెన్స్, అంటే కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో, లెక్క కట్టాలి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 గుణకారం క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకి వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. 45 ఏళ్ల మగమనిషి, 50 కిలోలు, క్రియాటినిన్ 1.4 అనుకోండి: 95 ఇంటూ 50 అంటే 4,750, కింద 100.8, జవాబు 47. ఇది 50 లోపు, టెనోఫోవిర్ బదులు అబాకావిర్ గురించి డాక్టరు ఆలోచించాల్సిన అంకె. మన వైపు కూలిపని చేసే బక్కపలచని మనుషుల్లో ఇలా దొరికిపోతారు.

రెండో వైపు కూడా పొరపడొచ్చు. డొల్యూటెగ్రావిర్ మొదలైన మొదటి నెలలో క్రియాటినిన్ 0.1, 0.2 పెరిగి అక్కడే ఆగిపోతుంది. అది కిడ్నీ పాడవడం కాదు, క్రియాటినిన్ బయటికి పోయే దారి ఒకటి మూసుకోవడం. ఆగకుండా ఎక్కుతూ పోతే, మూత్రంలో ప్రోటీనో, షుగర్ లేని మనిషికి మూత్రంలో గ్లూకోజో కనబడితే అప్పుడు టెనోఫోవిర్ని అనుమానించాలి. అబాకావిర్‌కి మారినవాళ్లకి మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు కలిసి వస్తే వెంటనే చూపించుకోవాలి. అది అబాకావిర్ పడకపోవడమే అని తేలి ఆపాక, జన్మలో మళ్లీ ఆ మందు వేయకూడదు. రెండోసారి వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే అలవాటు కూడా ఈ కిడ్నీల మీదే పడుతుంది.

#22 పైడిమాంబ_జాతర

#14 చదివాను, గ్రూపులో పెట్టాను. ఇంకొక్కటి అడుగుతాను అన్నా. గర్భిణులకి ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు కదా, టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చా?

#23 ఉద్దానం_గాలి

పరగడుపున కలిపి వేసుకోకూడదమ్మా. ఐరన్, కాల్షియం డొల్యూటెగ్రావిర్‌కి పొట్టలోనే అతుక్కుని రక్తంలోకి ఎక్కనివ్వవు. రెండు దారులున్నాయి. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత ఐరన్ గానీ కాల్షియం గానీ, లేదా అవి వేసుకున్న ఆరు గంటల తర్వాత టీఎల్‌డీ. అది కుదరకపోతే అన్నం తింటూ అన్నీ ఒకేసారి వేసుకోవచ్చు, భోజనంతో అయితే సర్దుకుంటుంది. గ్యాస్‌కి తాగే అల్యూమినియం, మెగ్నీషియం మందుకి మాత్రం ఈ భోజనం మినహాయింపు లేదు, రెండు గంటలు–ఆరు గంటల లెక్కే. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఇంకో 50 మిల్లీగ్రాముల డొల్యూటెగ్రావిర్ 12 గంటల తేడాతో విడిగా ఇస్తారు, టీబీ మందు ఆపాక కూడా రెండు వారాలు. షుగరుకి మెట్‌ఫార్మిన్ రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూడమని డాక్టరుకి గుర్తుచేయమను.